ఒరే అల్లుడూ, ముందు ఆ మైకు సంగతి చూడు

ఒరే అల్లుడూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కాశీబుగ్గలో మీ సంఘంలో ప్రతి నెలా రెండో శనివారం మనసు బాగోలేని వాళ్ల కోసం, వాళ్ల ఇంటివాళ్ల కోసం కూటం పెడుతున్నావట, పాస్టరు గారు కూడా సరే అన్నారట. వినగానే ఎంత సంతోషమేసిందో, ఆ వెంటనే గుండెదడ మొదలైంది. ముప్పై నాలుగేళ్లు ఏఎన్‌ఎంగా ఊళ్లు తిరిగినదాన్ని, ఎన్నో చూసినదాన్ని, అయినా రాత్రి కన్ను మూతపడలేదు. పొద్దున్నే టీ పెట్టుకోకుండా ఇది రాస్తున్నాను. ఇంత పొడుగు మెసేజ్ ఎవరు చదువుతారత్తా అంటావని తెలుసు. చదవాలి. లేదంటే మీ అమ్మ చేత గట్టిగా చదివించి వినిపిస్తాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. 14416 నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాయించు. టెలీమానస్ అంటారు, మనసు బాగోలేని వాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, 2022 అక్టోబరు నుంచి ఉంది, రాత్రీ పగలూ ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. శ్రీకాకుళం రిమ్స్ ఆసుపత్రిలో మానసిక డాక్టరు ఏ రోజుల్లో చూస్తారో, ఓపీ చీటీ ఎన్నింటికి ఇస్తారో నువ్వే ఒకసారి వెళ్లి కనుక్కురా, ఫోన్లో అడిగి ఊరుకోకు. బస్సు ఛార్జీలకని చందా కొంత పక్కన పెట్టించు. టీ, బిస్కెట్లు మీ అమ్మ చూసుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీ కరపత్రం ఫోటో మీ అమ్మ పంపింది. కింద చివర్లో "మీ ప్రార్థన అవసరతలు చీటీ మీద రాసి ఇవ్వండి, అందరం కలిసి ప్రార్థిద్దాం" అని ఉంది చూడు, ఆ లైను కొట్టేయ్. ఎందుకో చెబుతాను. ఇది నువ్వు ఇదివరకు వినలేదు, మీ నాన్నకి కూడా సగమే తెలుసు.

నువ్వింకా పుట్టలేదు. నేను పలాస దగ్గర ఒక ఊళ్లో సబ్‌సెంటర్లో పనిచేసేదాన్ని. అక్కడి చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శిని నేనే, ఆదివారం ప్రార్థన అంశాలు చదివేదీ నేనే. చర్చి మీద పొడుగాటి మైకు గొట్టం ఉండేది, ఊరంతా వాక్యం వినాలని అప్పటి పాస్టరు గారి పట్టుదల. నిజంగానే ఊరంతా వినేది. ఒక శనివారం సాయంత్రం జీడి ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ నా దగ్గరికొచ్చింది. జీడిపిక్కల నూనెకి వేళ్ల చివర్లు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉండేవి ఆవిడకి. ఆ వేళ్లతో నాలుగు మడతలు పెట్టిన చీటీ ఒకటి నా చేతిలో పెట్టి, "అమ్మా, మా పెద్దోడు నెల్లాళ్ల నుంచి పడుకోట్లేదు, తలుపు వెనకాల నిలబడి వింటన్నాడు, ఊళ్లో అందరూ వాడి గురించే మాటాడుకుంటన్నారంట, నువ్వు ప్రార్థన చెయ్యి, ఎవరికీ చెప్పకమ్మా" అంది. చెప్పనని తలూపాను. ఆవిడ అటు వెళ్లాక నేను అనుకున్నది ఏటో తెలుసా, ఒక్కదాన్ని చేసే కంటే వంద మంది చేస్తే బలం కదా అని. అందులో కాస్త గొప్ప కూడా ఉందిలే, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఊళ్లో ఎవరికీ తెలియనిది నాకు తెలుసు అన్న గొప్ప. మర్నాడు మైకు ముందు నిలబడి ఇంటిపేరుతో సహా చదివేశాను, ఫలానా వారి పెద్ద కుమారుడికి మతిస్థిమితం తప్పింది, సంఘమంతా భారంతో ప్రార్థించాలి అని.

ఆ కుర్రాడు ఇంట్లోనే ఉన్నాడు, రెండు వీధుల అవతల. ఊరంతా తన గురించే మాట్లాడుకుంటోందని నెల్లాళ్లుగా వణికిపోతున్నాడు వాడు. అలాంటిదేమీ లేదురా, నీ భ్రమ అని తల్లి నెల్లాళ్లుగా నచ్చజెబుతోంది. అప్పుడు గాల్లోంచి వాడి ఇంటిపేరు వినబడింది, నా గొంతుతో. భ్రమ కాదని నేనే రుజువు చేసి పెట్టాను కదరా వాడికి.

ఆ మధ్యాహ్నమే ఇల్లు వదిలి పోయాడు. మూడో రోజుకి ఇచ్ఛాపురం స్టేషన్లో దొరికాడు, కాళ్లకి చెప్పుల్లేవు, అరికాళ్లు బొబ్బలు. చెల్లెలికి కుదిరిన సంబంధం ఆ నెల్లోనే వెనక్కి పోయింది. తల్లి చర్చికి రావడం మానేసింది. నన్ను ఒక్క మాట అనలేదు, నాలుగు తిట్టినా బాగుండేది. తరవాత బరంపురంలో డాక్టరుకి చూపించుకున్నారని, నెలకో ఇంజెక్షనుతో కుర్రాడు మళ్లీ పనిలోకి వెళ్తున్నాడని వేరేవాళ్ల ద్వారా విన్నాను. ఆ తరవాత ప్రార్థన అంశాల పుస్తకం నేను ముట్టుకోలేదు.

అందుకే చెబుతున్నాను. పేరు మైకులో పలకొద్దు, చీటీ మీద రాయించొద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. మా రోజుల్లో గొట్టం చర్చి మీదుండేది, మీ రోజుల్లో జేబులో ఉంది, అంతే తేడా. పేరు చెప్పకుండా "ఒక సహోదరి" అన్నా ఊళ్లో అందరూ లెక్కలేసి కనిపెట్టేస్తారు, అదీ వద్దు. ఎవరైనా నీతో చెప్పుకుంటే "ఇది ఇంకెవరికైనా చెప్పొచ్చా?" అని అడుగు, వద్దంటే పాస్టరు గారికి కూడా చెప్పకు. ప్రాణం మీదకొచ్చిన సంగతైతే మాత్రం వేరు, అది తరవాత చెబుతాను. కాస్త కుదుటపడ్డ మనిషిని స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించకు. "సంపూర్ణ స్వస్థత" అని వంద మంది ముందు చెప్పినవాడు మర్నాడు మాత్ర ఎలా మింగుతాడు చెప్పు? సిగ్గుపడి మానేస్తాడు, మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

మాత్రలంటే గుర్తొచ్చింది. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మనవాళ్లేమో నాలుగో రోజుకే "ఏటీ తగ్గలేదు" అని పక్కన పడేస్తారు. ఆ నెల్లాళ్లూ వెంటపడే మనిషే కావాలి సంఘంలో, దానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఇంకోటి, మీ వాళ్లకి మూడు రోజుల ఉపవాస ప్రార్థనలు ఎక్కువ కదా. లిథియం అని, ఉద్రేకం, దిగులు మారి మారి వచ్చే జబ్బుకి ఇచ్చే మందు, అది వాడేవాళ్లు నీళ్లు తాగకుండా ఉపవాసం ఉంటే ఒంట్లో ఆ మందు పెరిగిపోయి చేతులు వణకడం, వాంతులు, నడక తూలడం మొదలవుతాయి, ప్రాణం మీదకి వస్తుంది. పైగా మనది ఉద్దానం, కిడ్నీ జబ్బు లేని వీధి ఉందా? ఇంట్లో కిడ్నీ రిపోర్టులు ఏవున్నా సంచిలో వేసుకుని మానసిక డాక్టరుకి చూపించాల్సిందే.

ప్రార్థన వద్దంటున్నానని ఎవరైనా అంటే బైబిల్లో హిజ్కియా రాజు సంగతి చూపించు. చావు జబ్బులో ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, ఇంకో పదిహేనేళ్లు ఆయుష్షిచ్చాడు, అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ఏలీయా అయితే చెట్టు కింద పడుకుని నన్ను చంపెయ్ ప్రభువా అన్నాడు, అంత పెద్ద ప్రవక్త. దేవదూత వచ్చి విశ్వాసం తగ్గిందేం అని అడిగాడా? రొట్టె, నీళ్లు పెట్టాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. మన సాలూరులో మిషనరీలు కుష్టు రోగులకి ఆసుపత్రి పెట్టింది కూడా, ఊళ్లన్నీ వాళ్లని వెలివేసిన రోజుల్లోనే.

మీ నాన్న సంగతి తెలిసే ఇది పెడుతున్నావు కదూ. నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లారేసరికి తిత్లీ తుపానుకి తోట మొత్తం నేలమట్టమైపోయింది, కొత్త మొక్క పాతితే కాపుకి ఏళ్లు పడుతుంది. వాడు నోరు మూసేసుకున్నాడు. అన్నం ముందు కూర్చుని కంచం వంక చూసేవాడు. అప్పుడు సంఘంలోంచి ఇద్దరు మగవాళ్లు రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చునేవారు, గుర్తుందా నీకు? వాక్యం చెప్పలేదు, బోధ చేయలేదు, ఓదార్చలేదు కూడా. ఒకాయన రంపం తెచ్చి పడిన చెట్లు కోశాడు. పదో రోజో పదకొండో రోజో మీ నాన్న లేచి వెళ్లి రంపం రెండో చివర పట్టుకున్నాడు. శ్రీకాకుళం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది కూడా ఆ రంపం ఆయనే, తెల్లవారుజామున బస్సుకి. నీ కూటానికి ముందు అలాంటివాళ్లని నలుగురిని పోగుచెయ్, బాగా మాట్లాడేవాళ్లు వద్దు.

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకు. అడిగితే లేని ఆలోచన వస్తుందనుకుంటారు, రాదు, అడిగేవాళ్లు ఒకరున్నారని ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, మాటిచ్చావని దాచొద్దు, ఇంటివాళ్లకి చెప్పి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే అదే పూట వేరే ఇంటికి మార్పించు. పోలీసు కేసవుతుందని ఇంటివాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జంకుతారు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక చావబోయిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు అని వాళ్లకి చెప్పు. గొలుసులతో కట్టడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. ఎవరైనా "కొన్నాళ్లు చర్చిలోనే ఉంచండి బాబూ" అని మనిషిని నీ మీద వదిలేసి వెళ్లబోతారు, ఒప్పుకోకు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గర నడిపిన ఒక హోములో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. దర్గా అయినా చర్చి అయినా గొలుసు గొలుసే.

ఇక నువ్వు. నువ్వు ఎవరి బాధ విన్నా ఆ రాత్రి నిద్రపోవు, చిన్నప్పటినుంచీ అంతే, మన ఆవు పోతే వారం అన్నం తినలేదు వెధవా. పదింటికి ఫోన్ పక్కన పెట్టెయ్, రాత్రి వేళకి 14416 ఉంది. ఎవరింటికీ ఒక్కడివే వెళ్లకు, ఇద్దరుగా వెళ్లు, ఆడవాళ్లుంటే మీ అమ్మని తీసుకెళ్లు. మొదటి నెల ఇద్దరే రావచ్చు, ఎవరూ రాకపోవచ్చు, మొహం వేలాడేసుకోకు.

మొదటి కూటానికి నేను టెక్కలి నుంచి పొద్దున బస్సుకి వస్తాను. ఆ జీడి ఫ్యాక్టరీ ఆవిడ ఇప్పుడు కొడుకుతోనే కాశీబుగ్గలో ఉంటోందని విన్నాను. ఒకవేళ వస్తే తలుపు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టు, వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లడానికి వీలుగా ఉంటుంది. నేను మీ అత్తనని చెప్పకు. నేను వెనకాల టీ దగ్గరే ఉంటాను, ఆవిడ తనంతట తాను నా వైపు వస్తే అప్పుడు చూద్దాం. కప్పులు సరిపోకపోతే చెప్పు, మా ఇంట్లో రెండు డజన్లున్నాయి, తెస్తాను.

మీ అత్త