బత్తాయి రేటు మారితే గడి రంగు ఎట్ల కరగాలె

అల్లుడా,

నల్లగొండ బత్తాయి రేట్ల వెబ్ పేజీల రేటు మారిన గడి పసుపుగ వెలిగి, మెల్లగ మామూలు రంగుకు రావాలన్నవు. నీ కోడ్ చూసిన. సెట్‌ఇంటర్వల్ (ఇంత సేపటికోసారి పని చేయించే టైమర్) తిరిగిన ప్రతిసారి నీలం విలువకు ఇంత అని కలుపుతున్నవు. తంటా అంతా ఆడనే ఉన్నది. ఫోన్ వేరే పనిల ఉంటే టైమర్ ఆలస్యమైతది, దాంతోపాటు రంగూ సాగుతది.

లెక్క గడియారం మీద కట్టు. మొదలైన టైమ్ దాచుకో. బ్రౌజర్ల ఉండే రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ ప్రతి ఫ్రేముకు, అంటే తెర మీద బొమ్మ మారే ప్రతిసారి, మిల్లీసెకన్లల టైమ్ ఇస్తది; అందులకెల్లి మొదటి టైమ్ తీసేసి వెలుగు ఆరేటందుకు పట్టాల్సిన 1200తోని భాగించు. వచ్చిన వంతే రంగు ఎంత మారాలెనో చెప్తది; 1 దాటితే 1 కాడనే ఆపు. లేత పసుపు అంటే ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలం 153. తెలుపుకు మూడూ 255. ఎరుపు, ఆకుపచ్చ కదలనే కదలవు, నీలం ఒక్కటే 102 ఎక్కాలె. సగం టైముకు 153కు 51 కలిస్తే 204. తెర 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు మారేది) అయినా 120 అయినా పని 1200 మిల్లీసెకన్లకే అయిపోతది.

ఇగ గడి నల్లబడుతున్నదన్నవు కదా. గడికి రంగు పెట్టకుంటే, ఇప్పుడున్న రంగు చెప్పే గెట్‌కంప్యూటెడ్‌స్టైల్ తెలుపు అని చెప్పదు, నాలుగు సున్నాలు ఇస్తది. నాలుగోది ఆల్ఫా, రంగు ఎంత గట్టిగ కనవడాలెనో చెప్పే లెక్క; అది సున్నా అంటే రంగే లేదని. నువ్వు దాన్ని వదిలేసి మొదటి మూడే తీసుకున్నవు, అది అచ్చం నలుపు. సగం దారిల 128, 128, 77 వస్తది, కుళ్లుతున్న బత్తాయి తొక్క తీరు. చేరాల్సిన రంగు కూడా అదే పసుపు పెట్టి, ఆల్ఫా ఒక్కటే 1 నుంచి 0కు దించు.

మొదటి వెలుగు ఆరకముందే రేటు మళ్ల మారితే రెండు లూపులు కొట్లాడి గడి మిణుకుమిణుకుమంటది. రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ ఇచ్చే నంబర్ గడివారీగ దాచి, కొత్తది మొదలుపెట్టే ముందు పాతదాన్ని ఆపే క్యాన్సిల్‌యానిమేషన్‌ఫ్రేమ్ పిలువు. అయిపోయినంక గడికి నేరుగ పెట్టిన ఇన్‌లైన్ రంగు ఖాళీ చెయ్యి, లేకుంటే మౌస్ పెడితే వచ్చే హోవర్ రంగు పనిచెయ్యదు.

చేతితోని రాసుడు నేర్చుకుంటందుకు మంచిదే. పేజీల పెట్టేటందుకైతే నా ఓటు బ్రౌజర్ల ఉన్న ఎలిమెంట్ డాట్ యానిమేట్‌కే: పసుపు నుంచి ట్రాన్స్‌పరెంట్ (రంగు లేనిది), 1200, ఒక్క లైను. ఆ నలుపు తిప్పలు బ్రౌజరే చూసుకుంటది.

పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు అని మాత్రం పెట్టకు. ఆ రెండింటికి తేడా తెల్వనోళ్లు ఉంటరు. పక్కన బాణం గుర్తు పెట్టు. పాత రేటుతోని పోల్చి మారిన గడినే వెలిగించు. పేజీ తెరవంగనే అన్నీ వెలిగితే ఏ రేటు మారిందో రైతుకు తెల్వదు.

మీ మామ