తొడకు తగిలే ఇంజిన్ సెగ: డిఫ్లెక్టర్ల ఎంపికపై పాఠకుల ప్రశ్నలు

రోహిణి కార్తె దగ్గర పడుతున్నకొద్దీ బైకు ఇంజిన్ వేడి గురించి ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలు పెరుగుతున్నాయి. ఏ డిఫ్లెక్టర్, అంటే వేడి గాలిని ఒంటికి తగలకుండా మళ్లించే రెక్క, కొనమంటారు అనేదే చాలామంది సందేహం. అయితే వేడి ఏ భాగం నుంచి వస్తోంది, బండి నడుస్తున్నప్పుడు వస్తోందా, ఆగి ఉన్నప్పుడు వస్తోందా అన్నవి తెలియకుండా ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరకదు. అందుకే ఆ వివరాలు రాసి పంపినవారి ప్రశ్నలనే ఈసారి ఎంచుకున్నాం.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో 2012 మోడల్ హార్లే డేవిడ్సన్ రోడ్ కింగ్ కొన్నాను. ఎండాకాలంలో కుడి తొడ లోపలి వైపు, సీటు ముందు భాగం భరించలేనంత వేడెక్కుతున్నాయి. ట్యాంకు కింద ఫ్రేముకు బిగించేవి, సీటు కింద అమర్చేవి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు తగిలించేవి అంటూ మూడు రకాలు చూపిస్తున్నారు. ఏది తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ బండిలో రెండు సిలిండర్లు 45 డిగ్రీల కోణంలో ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ముందు సిలిండర్‌కు ఎదురుగాలి నేరుగా తగులుతుంది. వెనుక సిలిండర్‌కు మాత్రం ముందుదాన్ని ఒరుసుకుని అప్పటికే వేడెక్కిన గాలే చేరుతుంది. ఆ వెనుక సిలిండర్‌కు సరిగ్గా పైన మీ సీటు, పక్కనే మీ తొడలు ఉన్నాయి. దాని పొగ గొట్టం, అంటే మెకానిక్కులు బెండ్ పైపు అనేది, కుడి పక్కకే తిరుగుతుంది కాబట్టి ఎడమ తొడ కంటే కుడి తొడకు సెగ ఎక్కువ తగులుతుంది. పెట్రోలులోని శక్తిలో చక్రానికి చేరేది మూడో వంతుకు మించదు, మిగిలినదంతా వేడిగానే బయటికి పోవాలి. గాలితో చల్లబడే ఇంజిన్‌లో అది పోయే దారి మీ కాళ్ల పక్క నుంచే ఉంది. కనుక బండిలో ఏదో లోపం ఉందని కంగారు పడనవసరం లేదు.

మీరు చెప్పిన మూడూ ఒకే పని చేయవు. ట్యాంకు కింద, ఫ్రేముకు రెండు వైపులా బిగించే చిన్న రెక్కలు వెనుక సిలిండర్ మీదుగా లేచే వేడి గాలిని తొడల వైపు రానీయకుండా పక్కలకు మళ్లిస్తాయి. ఇవి పని చేయాలంటే గాలి కదలాలి, గాలి కదలాలంటే బండి నడవాలి. బందరు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వాటి వల్ల కలిగే మేలు చాలా తక్కువ. సీటు ముక్కు కింద, ట్యాంకుకూ సీటుకూ మధ్య అమర్చే షీల్డు అలా కాదు. సిలిండర్ నుంచి నిలువుగా పైకి లేచే వేడికి అడ్డుగా నిలుస్తుంది కనుక బండి ఆగి ఉన్నా పని చేస్తుంది. ఫోర్కుకు తగిలించే రెక్కలు మోకాళ్లకూ ఛాతీకీ తగిలే ఎదురుగాలిని అటూ ఇటూ తిప్పడానికి ఉద్దేశించినవి, వెనుక సిలిండర్ వేడితో వాటికి సంబంధం అంతగా లేదు. మీరు రాసిన లక్షణాలను బట్టి ఫ్రేముకు బిగించేవి మొదట, సీటు కింది షీల్డు ఆ తర్వాత తీసుకోండి. ఫోర్కు రెక్కల మీద ఇప్పుడు డబ్బు పెట్టవద్దు.

కొనే ముందు మోడల్ సంవత్సరం తప్పక చెప్పండి. హార్లే టూరింగ్ బండ్ల ఫ్రేము 2009లో మారింది కాబట్టి అంతకు ముందు బండ్ల కోసం చేసిన బిగింపులు మీదానికి సరిపోవు. బిగించాక హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తిగా తిప్పి చూడండి, ఏ వైరూ నలగకూడదు. ఎడమ వైపు రెండు సిలిండర్ల మధ్య హారన్ ఉంటుంది, రెక్క దానికి తగలకూడదు. సీటు మీద కూర్చుని రెండు కాళ్లూ నేల మీద ఆనించి, మళ్లీ ఫుట్‌బోర్డు మీద పెట్టి, రెండు స్థితుల్లోనూ మోకాలి లోపలి వైపు అంచు గుచ్చుకోవడం లేదని నిర్ధారించుకోండి. పలచని ప్లాస్టిక్ రెక్కలు ఈ ఇంజిన్ అదురుకు బిగింపు చుట్టూ చీలుతాయి. క్లాంపుకూ ఫ్రేముకూ మధ్య రబ్బరు ముక్క ఉంటే పెయింటూ నిలుస్తుంది, రెక్కా నిలుస్తుంది. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత బోల్టులు మరోసారి బిగించాలి.

మరొక సంగతి. హార్లేలో కొన్ని మోడళ్లకు, ఇంజిన్ బాగా వేడెక్కి బండి ఆగి ఉన్నప్పుడు వెనుక సిలిండర్‌లో మంట దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంది. అప్పుడు ఇంజిన్ చప్పుడు గతి తప్పినట్టు వినిపిస్తుంది, సిగ్నల్ దాటి కదలగానే మామూలు అవుతుంది. అది పాడైందనుకుని ఆపించుకున్నవారూ ఉన్నారు. మీ బండికి ఆ ఏర్పాటు ఉందా, ఉంటే పని చేస్తోందా అన్నది సర్వీసు కేంద్రంలో అడగండి. ఉన్నదాన్ని వాడుకోవడానికి పైసా ఖర్చు లేదు కాబట్టి, నా దృష్టిలో ఏ రెక్క కొనడానికైనా ముందు చేయవలసిన పని ఇది.

ప్రశ్న: నాది కేటీఎం 390 డ్యూక్. రోడ్డు మీద వేగంగా వెళ్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. సిగ్నళ్ల దగ్గర ఫ్యాన్ తిరగడం మొదలైతే మాత్రం పిక్కల మీద వేడి గాలి కొడుతోంది. దీనికి డిఫ్లెక్టర్ ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఈ బండి కూలెంట్‌తో, అంటే ఇంజిన్ చుట్టూ తిరిగే ద్రవంతో, చల్లబడుతుంది. ఇంజిన్ వేడిని కూలెంట్ రేడియేటర్‌కు మోసుకొస్తుంది, ఫ్యాన్ ఆ వేడిని వెనక్కు తోస్తుంది, వెనుక ఉన్నవి మీ కాళ్లు. రేడియేటర్ వెనుక పక్కలకు బిగించే ప్లాస్టిక్ మళ్లింపులు ఉన్నాయి. అవి ఫ్యాన్ గాలిని కాలికి ఎడంగా, కిందికి పంపుతాయి కనుక మీకు కొంత ఉపయోగపడతాయి. కొనేటప్పుడు గమనించవలసింది ఒక్కటే: గాలి బయటికి పోయే దారి ఇరుకు కాకూడదు. దారి ఇరుకైతే రేడియేటర్ తన పని చేయలేదు, ఫ్యాన్ ఇంకా ఎక్కువసేపు తిరుగుతుంది, మీరు వద్దనుకున్న వేడి గాలే ఎక్కువసేపు వస్తుంది.

దానికంటే ముందు రేడియేటర్ ముందువైపు చూడండి. వానాకాలపు బురద, పురుగులు, దుమ్ము ఆ సన్నని రేకుల మధ్య గట్టిపడి ఉంటే గాలి లోపలికే పోదు. మెత్తని బ్రష్‌తో, తక్కువ ఒత్తిడి నీటితో శుభ్రం చేయించండి. సర్వీసింగ్ సెంటర్‌లోని ప్రెషర్ గన్‌ను దగ్గరగా పట్టనివ్వవద్దు, ఆ రేకులు వంగిపోతాయి. రాళ్లు తగలకుండా మీరు బయట కొని పెట్టించిన గార్డు మరీ సన్నని జాలీ అయితే దాన్ని తీసేసి, రంధ్రాలు పెద్దవిగా ఉన్నదాన్ని పెట్టించండి. కూలెంట్ మార్చవలసిన గడువు దాటిందేమో కూడా చూసుకోండి. సిగ్నల్ దగ్గర అంకెలు అరవైకి పైన కనిపిస్తే ఇంజిన్ ఆపేయడం అన్నిటికంటే సులువైన ఉపాయం. పిక్కలను కప్పే మందపాటి ప్యాంటు, చీలమండ దాటే బూట్లు ఉంటే మిగిలిన సెగ చర్మానికి చేరదు.

ప్రశ్న: మా బైకు సైలెన్సర్ తగిలి వెనుక కూర్చున్న మా అమ్మగారి కాలు రెండుసార్లు కాలింది. సైలెన్సర్‌కు, బెండ్ పైపుకు వేడి ఆపే గుడ్డ చుట్టిస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. చుట్టించమంటారా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: చుట్టించవద్దు. అమ్మగారికి కావలసింది గాలి మళ్లింపు కాదు, వేడి లోహానికీ కాలికీ మధ్య గట్టి అడ్డు. అరవై డిగ్రీల వేడి ఉన్న లోహం అయిదారు సెకన్లు తగిలితే చాలు, చర్మం లోతుగా కాలుతుంది. నడిచి వచ్చిన బండి బెండ్ పైపు అంతకు ఎన్నో రెట్లు వేడిగా ఉంటుంది.

పీచు గుడ్డ చుట్టితే పైవేడి తగ్గే మాట నిజమే. కానీ లోపలి వేడి బయటికి పోలేక గొట్టం మరింత కాగుతుంది, గుడ్డ పీల్చుకున్న తేమ లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. కాకినాడ వంటి సముద్ర తీరపు ఊళ్లో ఉప్పు గాలి కూడా తోడై, పైకి కనబడకుండానే గొట్టం తుప్పు పట్టిపోతుంది. మీ బండి 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 మోడల్ అయితే పొగను శుభ్రపరిచే కెటాలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ఆ గొట్టంలోనే ఉంటాయి. వాటి చుట్టూ వేడిని బంధించడం అసలే మంచిది కాదు. వేడి తగ్గుతుందని కన్వర్టర్‌ను కోయించి తీసేయమనేవారి మాట కూడా వినవద్దు. అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం.

మీకు కావలసింది సైలెన్సర్ మీద బిగించే రేకు షీల్డు. షీల్డుకూ గొట్టానికీ మధ్య కనీసం ఒక వేలు పట్టేంత ఖాళీ ఉండాలి, ఎందుకంటే వేడిని ఆపేది రేకు కంటే ఎక్కువగా ఆ ఖాళీలోని గాలే. గొట్టానికి అతుక్కుపోయినట్టు బిగించిన షీల్డు కాసేపటికి గొట్టమంత వేడెక్కుతుంది. లోపలి ముఖం మెరుస్తూ ఉంటే మంచిది. పొయ్యి ఎదుట కూర్చున్నప్పుడు ముఖానికి కొట్టే సెగ లాంటిది ఇక్కడ ఎక్కువ, దాన్ని మెరిసే లోహం వెనక్కు తిప్పికొడుతుంది. షీల్డు పొడవు వెనుక ఫుట్‌రెస్టును దాటి ఉండాలి. అమ్మగారు చీర కడతారు కాబట్టి ఎడమ వైపున్న శారీ గార్డును తీసివేయవద్దు. కుడి వైపు నుంచి దిగడం మాన్పించండి. కాలిన గాయాల్లో ఎక్కువ భాగం దిగేటప్పుడే అవుతాయి.

ప్రశ్న: అమెరికాలో ఫీనిక్స్ దగ్గర ఉంటున్నాను. హార్లే స్ట్రీట్ గ్లైడ్ ఉంది, కాళ్ల ముందు లోయర్ ఫెయిరింగులు వేయించాను. శీతాకాలంలో హాయిగా ఉంది, ఎండాకాలంలో పొయ్యిలో కూర్చున్నట్టుంది. ఛాతీ మీదికి గాలి తెచ్చే రెక్కలు పెట్టించుకోమని మిత్రులు చెబుతున్నారు.
– ఒక పాఠకుడు, అరిజోనా

జవాబు: లోయర్ ఫెయిరింగులు కాళ్లకు తగిలే చలిగాలిని ఆపడానికి పుట్టినవి. అవే ఎండాకాలంలో ఇంజిన్ పక్కలకు గాలి రాకుండా, వచ్చిన వేడి బయటికి పోకుండా నిలబెడతాయి. మే నెల నుంచి అక్టోబరు దాకా వాటిని విప్పి పక్కన పెట్టండి. విప్పే వీలు లేకపోతే వాటిలోని గాలి తలుపులు తెరిచి ఉంచండి.

రెక్కల విషయంలో మీ ఊరి వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఫీనిక్స్‌లో 2023 వేసవిలో వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 ఫారెన్‌హీట్ డిగ్రీలకు, అంటే సుమారు 43 సెల్సియస్‌కు చేరింది లేదా దాటింది. మన చర్మం వేడి 35 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉన్నంత వరకు ఒంటికి గాలి తగిలితే హాయి. గాలి 43 డిగ్రీలు ఉన్నప్పుడు అదే గాలి ఒంటికి వేడిని ఇస్తుంది. చల్లదనం కలిగేది చెమట ఆవిరవడం వల్ల మాత్రమే, ఆ చెమట కూడా వడగాలికి నిమిషాల్లో ఎండిపోతుంది. కనుక స్థిరంగా గాలి తెచ్చే రెక్కలు కాకుండా, చేత్తో తెరిచి మూసుకోగలిగినవి తీసుకోండి. ఉదయం తెరవండి, మధ్యాహ్నం మూయండి. లోపల నీటిలో తడిపి పిండిన కాటన్ చొక్కా, పైన చేతులు నిండుగా ఉన్న జాలీ జాకెట్ వేసుకుంటే మీ పొడి గాలిలో అది ఏ రెక్క కంటే బాగా పని చేస్తుంది. తెలంగాణలో ఏప్రిల్ ఎండల్లోనూ ఈ పద్ధతి పనికొస్తుంది. గాలిలో తేమ నిండి ఉండే మచిలీపట్నం, నెల్లూరు తీరంలో మాత్రం తడి గుడ్డ ఆరదు, చల్లదనమూ రాదు. అక్కడివారు దీని మీద ఆధారపడవద్దు.

ప్రశ్న: డిఫ్లెక్టర్ పెట్టించాక వేడి నిజంగా తగ్గిందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఇంజిన్‌కు హాని ఉంటుందా? నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650.
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీ ఇంజిన్ గాలితోనూ ఆయిల్‌తోనూ చల్లబడుతుంది, ముందువైపు ఆయిల్ కూలర్ ఉంది. దానికి ఎదురుగా కానీ, సిలిండర్లను చల్లబరచడానికి వాటి మీదే ఉండే రేకులకు ఎదురుగా కానీ ఏదీ బిగించనంత వరకు హాని ఉండదు. వేడి గాలి బయటికి పోయే వైపు పెట్టినది మంచిది, చల్లగాలి లోపలికి వచ్చే వైపు పెట్టినది చెడ్డది.

గాలి ఎటు పోతోందో చూడటానికి జానెడు ఊలు దారాలు ట్యాంకు కింది అంచున టేపుతో అంటించి, వాహనాలు లేని రోడ్డు మీద నలభై, యాభై కిలోమీటర్ల వేగంతో వెళ్తుండగా పక్క బండి వెనుక సీటులో కూర్చున్న మిత్రుడి చేత వీడియో తీయించండి. దారాలు మీ తొడ వైపు వంగితే రెక్క కోణం మార్చాలి. దారాలు బెండ్ పైపుకు అందనంత పొడవులోనే ఉండాలి. వేడిని కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడేవారు క్రోమ్ మీద గురిపెట్టవద్దు, మెరిసే లోహం మీద అది తక్కువ అంకె చూపిస్తుంది. సీటు ముక్కు మీద, ప్యాంటు లోపలి వైపు గుడ్డ మీద గురిపెట్టండి. ఒకే దారిలో, ఒకే వేళకు, డిఫ్లెక్టర్ లేకుండా ఒక రోజు, పెట్టి మరో రోజు కొలిచి రెండు అంకెలూ రాసుకోండి. అయిదు డిగ్రీలు కూడా తేడా కనబడకపోతే ఆ వస్తువును తిరిగి ఇచ్చేయండి. ఆ వీలు కోసం కొన్న రోజే బిల్లు తీసుకుని, పెట్టె దాచిపెట్టుకోండి.