మెదడు చిత్రంలో వెలిగేది ఆలోచనేనా?

ప్రశ్న: ఎఫ్‌ఎంఆర్‌ఐ (పనిచేస్తున్న మెదడును చిత్రించే స్కానింగ్) చిత్రాల్లో మెదడులోని కొన్ని భాగాలు ఎర్రగా వెలుగుతూ కనిపిస్తాయి. ఆ యంత్రం మన ఆలోచనలను నేరుగా చూడగలదా?

జవాబు: చూడలేదు. అది కొలిచేది నాడీకణాల విద్యుత్ సంకేతాలను కాదు, వాటి వెంట వచ్చే రక్తప్రవాహపు మార్పును. చురుగ్గా పనిచేస్తున్న భాగానికి అవసరానికి మించి ఆక్సిజన్ నిండిన రక్తం చేరుతుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌కూ, దాన్ని కోల్పోయిన హిమోగ్లోబిన్‌కూ అయస్కాంత గుణంలో ఉన్న తేడాను ఆధారం చేసుకుని, జపాన్ శాస్త్రవేత్త సెయిజి ఒగావా బృందం 1990లో ఈ పద్ధతికి దారి వేసింది.

యంత్రంలో పడుకున్న వ్యక్తికి నలుపు తెలుపు గళ్ల బొమ్మను క్షణకాలం చూపితే, తల వెనుక భాగంలోని దృశ్య వల్కలంలో (చూపును గ్రహించే మెదడు పొరలో) నాడీకణాలు సెకనులో దాదాపు పదో వంతులోనే స్పందిస్తాయి. రక్తపు సంకేతం మాత్రం తాపీగా 5, 6 సెకన్ల తర్వాత గానీ పతాక స్థాయికి చేరదు. పైగా చిత్రంలోని ఒక్కో చిన్న గడిలో లక్షల నాడీకణాలు ఇమిడి ఉంటాయి.

ఇక ఆ ఎర్ర రంగు మెదడులో ఉన్నది కాదు, సంకేతంలోని మార్పు కాకతాళీయం కాదని తేల్చే గణాంక పరీక్షలో నెగ్గిన గడులకు కంప్యూటర్ అద్దినది. ఆ పరీక్షను అజాగ్రత్తగా చేస్తే ఏమవుతుందో 2009లో కొందరు పరిశోధకులు సరదాగానే నిరూపించారు: చచ్చిన సాల్మన్ చేపకు మనుషుల ఫొటోలు చూపితే దాని మెదడూ "వెలిగింది"!