హెడ్ విప్పితే కేసు పోతుందా?

ప్రశ్న: మాది దేవరకద్ర. సొంత బొలెరో పికప్ నేనే నడుపుకుంటాను. జడ్చర్లలో 68 వేలు పెట్టి ఇంజిన్ పని చేయించాను. రెండు నెలలకే రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం, బండి వేడెక్కడం మొదలైంది. ‘రేపు చూద్దాం’ అంటూ మేస్త్రీ ఏడాదిన్నరగా తిప్పుతున్నాడు. బిల్లు లేదు, డబ్బు ఫోన్‌పేలో కొట్టాను. కిస్తీలు కట్టలేక ఇంట్లో ఒకటే టెన్షన్. ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద లీకు కాకుండా వేసే గ్యాస్కెట్ పోయిందని, వెంటనే హెడ్ దించుదామని ఇంకో మెకానిక్ అంటున్నాడు. నా డబ్బు వస్తుందా?

జవాబు: ముందు ఆ హెడ్ దించడం ఆపండి.

ఆయిల్ మూతకు పాల టీ రంగు నురగ పట్టినా, రేడియేటర్‌లో బుడగలు వచ్చినా గ్యాస్కెట్ మీద అనుమానం బలపడుతుంది. తప్పెవరిదో మాత్రం తేలదు. హెడ్ ఫేసింగ్ (అడుగు భాగాన్ని చదును చేయడం) చేయకుండా బిగించారా, బోల్టులు వరుస తప్పి టార్క్ చేశారా (కొలత ప్రకారం బిగించడం), లేక వేడెక్కిన బండిని మీరే ఆపకుండా తోలితే హెడ్ వంగిందా? కేసంతా ఇక్కడే ఉంది. గ్యారేజీ వాళ్లు మూడోదే అంటారు. వాళ్లు లేకుండా విప్పితే ‘మీ మెకానిక్కే చెడగొట్టాడు’ అని కూడా అంటారు. లీకు ఆపే మందు పోసే పని అసలే పెట్టుకోకండి. బండి కూడా తిప్పకండి.

ఏడాదిన్నర ఏం చేశారండీ? వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లే. మేస్త్రీ వాయిదాలతో అది పెరగదు, నోటీసు ఇచ్చినా పెరగదు. బండి చేతికొచ్చిన రోజు నుంచే లెక్కేసుకోండి. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు కానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

బిల్లు లేకపోయినా ఫోన్‌పే వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పనికొస్తాయి. ఫోన్ మార్చకండి, ఏదీ డిలీట్ చేయకండి.

ఈ వారమే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫలానా రోజు, ఫలానా చోట హెడ్ విప్పుతున్నాం, వచ్చి చూడండి అని రాయండి. ఆ రోజు ఇరువురితో సంబంధం లేని అనుభవజ్ఞుడైన మెకానిక్‌తో ముందు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి చూసేది), కూలెంట్ ప్రెషర్ టెస్ట్ (రేడియేటర్ నీళ్ల లీకు చూసేది) చేయించి, తర్వాత విప్పించండి. వీడియో తీయండి, రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. పాత గ్యాస్కెట్, బోల్టులు తుక్కులో వేయకుండా సంచిలో కట్టి దాచండి. నోటీసుకు వాళ్లు రాకపోతే, రాలేదన్నదీ రిపోర్టులో రాయించండి.

మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. బండి మీరే నడుపుకుని దాని మీదే బతుకుతున్నారన్న మాట ఫిర్యాదులో స్పష్టంగా ఉండాలి. లేకపోతే ఇది వ్యాపార వాహనం, మీరు వినియోగదారుడే కాదని అవతలి వకీలు మొదటి వాయిదాకే లేస్తాడు.