సందేహాలు – సమాధానాలు: వర్షాకాలంలో గుర్రపు బండి

సందేహం: "వర్షాకాలంలో మా తాతగారు గుర్రపు బండి కట్టించుకొని సంతకు వెళ్ళేవారు" అని నేను రాసిన వాక్యాన్ని ఒక మిత్రుడు దిద్దారు. 'వర్షం' అన్న మాటలో దీర్ఘం లేదు కనుక 'వర్షకాలం' అనాలని, బండిని లాగేది గుర్రం కనుక 'గుర్రం బండి' అనాలని ఆయన వాదన. ఏది సరైనది?

సమాధానం: మీ వాక్యంలో దిద్దవలసినది ఏమీ లేదు. సంస్కృతంలో వాన అనే అర్థంలో 'వర్షం' ఒక మాట. వానలు కురిసే ఋతువు అనే అర్థంలో 'వర్షాః' అన్నది ఉంది, అది స్త్రీలింగమని, బహువచనంలోనే వాడాలని అమరకోశం చెబుతుంది. దీనికి కాలశబ్దం చేరితే వర్షాకాలం, ఋతుశబ్దం చేరితే గుణసంధి వల్ల వర్షర్తువు ఏర్పడతాయి. బౌద్ధ భిక్షువులు వానల నెలల్లో సంచారం మాని ఒకేచోట నిలిచిపోవడాన్ని 'వర్షావాసం' అంటారు. అందులోనూ ఈ దీర్ఘమే కనిపిస్తుంది.

అచ్చతెలుగు మాటలైన వాన, ఎండలకు ఇటువంటి దీర్ఘం స్వతహాగా లేదు. అయినా వానాకాలం, ఎండాకాలం అంటున్నామంటే, అవి వర్షాకాలం ఒరవడిలో ఏర్పడ్డాయని నా అభిప్రాయం. 'చలి' ఇకారాంతం కావడం వల్ల కాబోలు చలికాలం జోలికి ఈ దీర్ఘం పోలేదు. వానకాలం, ఎండకాలం అని హ్రస్వంతో పలికేవారిని తప్పుపట్టనక్కరలేదు.

ఇక బండి సంగతి. 'గుర్రము' వంటి ముకారాంత పదాలు సమాసంలో పూర్వపదంగా నిలిచినప్పుడు 'ము' స్థానంలో 'పు' గాని 'ంపు' గాని వస్తుంది. కర్మధారయంలో వచ్చే మార్పుగా దీనిని బడిలో చదువుకున్నా, ముత్యపు చిప్ప, గుర్రపు స్వారీ వంటి చోట్ల కూడా వాడుక దీనిని స్థిరపరచింది. మాట్లాడేటప్పుడు 'గుర్రం బండి' అనడమూ ఉన్నదే, బెల్లపు ముక్కను బెల్లం ముక్క అన్నట్లు. కాని రాతలో ఈ రెండు రూపాల మధ్య ఒక తేడా పాటించడం మంచిది. 'ఆ గుర్రపు బండి' అంటే 'ఆ' అన్నది బండికి వర్తిస్తుంది. 'ఆ గుర్రం బండి' అంటే ఆ గుర్రానికి చెందిన బండి అని కూడా తోచవచ్చు. కాలువల్లో అల్లుకుపోయే కలుపు మొక్కను గుర్రపుడెక్క అంటాము. 'గుర్రం డెక్క' అంటే విన్నవారు జంతువు కాలినే తలుచుకుంటారు.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి. గుర్రపు బండి ఏకవచనంతో ఉండగా, ఎద్దుల బండి బహువచనంతో ఎందుకు ఉంది? కాడికి సాధారణంగా రెండు ఎద్దులను కడతారు, జట్కాకు ఒక్క గుర్రమే చాలు. ఒకే ఎద్దును కడితే అది ఒంటెద్దు బండి అవుతుంది, రెండు గుర్రాలను కడితే జోడుగుర్రాల బండి అవుతుంది. అంటే మామూలు సంఖ్య మారినప్పుడే ఆ లెక్కను విడిగా చెబుతున్నాము. మీ తాతగారు వెళ్ళినది జట్కాలో అయితే 'జట్కా కట్టించుకొని' అని రాస్తే చాలు. జట్కా అనగానే గుర్రం స్ఫురిస్తుంది కనుక 'గుర్రపు జట్కా' అని పొడిగించనక్కరలేదు.