సెకండ్ లైఫ్‌లో రూల్ మారిన ప్రతిసారీ అంత గొడవెందుకు? అక్కడ స్థలం తీసుకోవచ్చా?

మీరు అడిగినవి రెండు. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ త్రీడీ లోకంలో చేరి మూడు నెలలైంది, ఏ చిన్న మార్పు ప్రకటించినా పాతవాళ్ళు ఇంతెత్తున లేస్తున్నారు, నచ్చకపోతే మానేసి పోవచ్చు కదా అన్నది మొదటిది. ఇలాంటి చోట డబ్బు పెట్టి స్థలం తీసుకోవచ్చా అన్నది రెండోది. రెండోదానికి జవాబు చిన్నదే: తీసుకోండి, కానీ వారం వారం కట్టే అద్దెకి. మొదటిదానికి కాస్త వెనక్కి వెళ్ళాలి, ఎందుకంటే ఆ లేచే పాతవాళ్ళలో నేనూ ఉన్నాను.

2007లో మావారికి న్యూజెర్సీలో ప్రాజెక్టు. నాది హెచ్4, అంటే ఉద్యోగం మీద వెళ్ళినవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా. ఆ రోజుల్లో హెచ్4 మీద ఉద్యోగం చేయడానికి లేదు. కొందరికైనా ఆ అనుమతి వచ్చింది 2015లో. పొద్దున ఆయన బస్సెక్కితే మళ్ళీ రాత్రి ఎనిమిదికే. చలికాలం, నాకు డ్రైవింగ్ రాదు, చుట్టుపక్కల తెలిసినవాళ్ళు లేరు. హైదరాబాద్‌లో నాతో పనిచేసిన స్నేహితురాలు ఒకసారి చాట్‌లో "ఒక త్రీడీ లోకం ఉందే, అందులో బట్టలు తయారుచేసి అమ్ముకుంటున్నారు" అంది. అలా వెళ్ళాను. అప్పట్లో చేరేటప్పుడు ఇంటిపేరు వాళ్ళిచ్చిన పట్టికలోంచి ఏరుకోవాలి, పైగా అది పేరు వెనకాల వస్తుంది. పుట్టింటిది ఒకటి, అత్తింటిది ఒకటి, అక్కడ మూడోది.

నేను తిరిగిన కొట్లలో ఎక్కడా సరైన చీర కనపడలేదు. అమ్మ ఇచ్చిన పోచంపల్లి చీర కిటికీ దగ్గర పరిచి ఫొటోలు తీశాను. అప్పట్లో అవతార్ (ఆ లోకంలో మన తరఫున తిరిగే బొమ్మ) ఒంటి మీద బట్ట అంటే రంగు పూతే. జాకెట్టుకి ఒక చదరపు బొమ్మ, నడుం కిందికి ఇంకోటి, ఒక్కోటి 512 పిక్సెళ్ళు. ఎక్కించిన ప్రతి బొమ్మకీ 10 లిండెన్ డాలర్లు (అక్కడ చెలామణీ అయ్యేవి) కట్టాలి. జాకెట్టు సులువుగానే వచ్చింది. కుచ్చిళ్ళూ పైటా పూతతో రావు, వాటికి గాలికి ఊగే ఫ్లెక్సీ ప్రిమ్‌లు పెట్టాలి. ప్రిమ్ అంటే అక్కడి ఇటుక అనుకోండి, ఇల్లయినా చెట్టయినా వాటితోనే కట్టేవాళ్ళం. ఫ్లెక్సీ ప్రిమ్‌కి మెత్తదనం, బరువు, గాలి, టెన్షన్ అని అంకెలుంటాయి. టెన్షన్ ఎక్కువ పెడితే పైట కర్రలా నిలబడుతుంది. తక్కువైతే నడిచేటప్పుడు పొట్టలోంచి దూరి వీపు వెనక తేలుతుంది. అది కుదరడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మొదటి చీర 250 లిండెన్ డాలర్లకి, అంటే ఒక అమెరికన్ డాలరుకి కాస్త అటూ ఇటూగా, ఒక బ్రెజిల్ అమ్మాయి కొంది. ఆ రాత్రి మావారిని నిద్రలేపి చెప్పాను.

వీసాతో పేచీ ఎందుకని ఆ డబ్బు ఎప్పుడూ బయటికి తీయలేదు. వచ్చిందంతా అక్కడే అద్దెకి పోయేది.

ఇప్పుడు ఆ అద్దె స్థలం సంగతి. సెకండ్ లైఫ్‌లో ఒక రీజియన్ 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, మన లెక్కలో పదహారెకరాలు. అప్పట్లో పూర్తి రీజియన్‌లో 15,000 ప్రిమ్‌లు పెట్టుకోనిచ్చేవాళ్ళు, నెలకి 295 డాలర్లు. దానికి తోడు ఓపెన్‌స్పేస్ అని ఒక రకం ఉండేది. నేల అంతే, నెలకి 75 డాలర్లే, కానీ నాలుగు ఓపెన్‌స్పేస్‌లని ఒకే ప్రాసెసర్ కోర్ మీద నడిపేవాళ్ళు. సముద్రానికీ అడవికీ పనికొచ్చే ఖాళీ జాగా అని వాటి ఉద్దేశం. 2008లో దానికి ప్రిమ్‌ల పరిమితిని 3,750కి పెంచారు. పెంచేసరికి జనం అందులో ఇళ్ళు కట్టేశారు. నాదీ అలాంటిదే, ఒక ఓపెన్‌స్పేస్‌లో నాలుగో వంతు, 937 ప్రిమ్‌లు, వారానికి 1,400 లిండెన్ డాలర్లు. పెంకుటిల్లు, ముందు వసారా, వసారా ముందు తులసికోట. పక్కనే చీరల కొట్టు. స్థలం యజమాని ఒక డచ్ ఆవిడ, అలాంటివి ఆరు కొని ముక్కలు చేసి అద్దెకిచ్చేది.

2008 అక్టోబర్ 27న సెకండ్ లైఫ్‌ని నడిపే కంపెనీ లిండెన్ ల్యాబ్ ప్రకటన వచ్చింది: జనవరి నుంచి ఓపెన్‌స్పేస్ నెలకి 75 కాదు, 125 డాలర్లు. కారణం, వాటిని ఉద్దేశించిన దానికంటే ఎక్కువగా వాడేస్తున్నారు, సర్వర్ల మీద భారం పడుతోంది అని. ఆ మాటలో నిజం ఉంది. శనివారం మా రీజియన్‌లో పదిహేనుమంది చేరితే నా పైట గాలిలో ఆగిపోయేది. అయినా అంత గొడవ ఎందుకైందంటే, ఆరు రీజియన్లున్న మా డచ్ ఆవిడకి ఒక్క ప్రకటనతో నెల ఖర్చు 300 డాలర్లు పెరిగింది. ఒక్కో రీజియన్‌కి ముందుగా 250 డాలర్లు కట్టి ఆవిడ కొన్నది 75 లెక్కన నడుస్తుందనే కదా. రేపటి నుంచి కొనేవాళ్ళకి 125 అని ఉంటే సణుక్కుని ఊరుకునేవాళ్ళం. నిన్న కొన్నవాళ్ళకి కూడా అనేసరికి ఊళ్ళు ఊళ్ళే లేచాయి. ఎక్కడ చూసినా బోర్డులు, ఊరేగింపులు.

వారం పది రోజుల్లోనే కంపెనీ కాస్త తగ్గింది. హోమ్‌స్టెడ్ అని కొత్త రకం పెట్టి, ప్రిమ్‌లు 3,750 అలాగే ఉంచి, జనవరి నుంచి 95, జూలై నుంచి 125 అంది. 75కే కావాలంటే 750 ప్రిమ్‌లతో పాత ఓపెన్‌స్పేస్. గొడవ చేస్తే ఏం ఒరిగింది అంటారా, ఆరు నెలల వాయిదా ఒరిగింది. కొందరికి అది చాలింది. మా డచ్ ఆవిడకి చాలలేదు. డిసెంబర్ రెండో వారంలో ఒక నోట్‌కార్డ్ పంపింది, నాలుగు ముక్కలే: ఆరు రీజియన్లలో నాలుగు వదిలేస్తున్నాను, మీది అందులో ఉంది, 31లోగా సర్దుకోండి, సారీ. నేను మూడు వారాల అద్దె ముందే కట్టి ఉన్నాను. అది తిరిగి రాలేదు, నేనూ అడగలేదు.

అదే నెలలో మావారి తమ్ముడి పెళ్ళికని ఇండియా వచ్చాం. తిరిగి వెళ్ళి లాగిన్ అయితే రీజియనే లేదు, ఇంకెక్కడో సముద్రం ఒడ్డున తేలాను. ఇన్వెంటరీలో, అంటే మన సామాను దాచుకునే చోట, లాస్ట్ అండ్ ఫౌండ్ అనే ఫోల్డర్ ఉంటుంది, నేల మీంచి తీసేసిన సామానంతా మూటగట్టి అందులో పడేస్తారు. నా ఇల్లు, కొట్టు, అరుగు, తులసికోట అన్నీ కలిపి ఒకే మూట. దాని పేరు 'ఆబ్జెక్ట్'.

ఇక మీ "నచ్చకపోతే పోవచ్చు కదా". హైదరాబాద్‌లో ఓనరు అద్దె పెంచితే ట్రాలీ ఆటో మాట్లాడుకుని బీరువా, మంచం ఎక్కించుకుని ఇంకో వీధికి పోతాం. అక్కడ కొన్న ఇల్లూ సామానూ జుట్టూ చెప్పులూ ఏవీ ఇంకో లోకానికి మోసుకుపోయేవి కావు, అన్నీ వాళ్ళ సర్వర్లలోనే ఉంటాయి. లిండెన్ డాలరు కూడా నియమాల ప్రకారం డబ్బు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే. పోవాలంటే కట్టుబట్టలతో కూడా కాదు, అవీ వదిలేసి పోవాలి. అందుకే జనం పోరు, అరుస్తారు. ఇది ఇవాళ్టిది కూడా కాదు. లోకం మొదలైన 2003లోనే, పెట్టిన ప్రిమ్‌లని బట్టి పన్ను వేస్తుంటే, అందరికోసం పెద్ద పెద్ద కట్టడాలు కట్టినవాళ్ళకే ఎక్కువ వాత పడుతోందని అమెరికావాళ్ళు పూర్వం టీ పన్నుని ఎదిరించినట్టు టీ పెట్టెలు పేర్చి నిరసన చేశారు. ఆ ఏడాది చివరికే పన్ను పోయి, నేలకి రుసుం కట్టే పద్ధతి వచ్చింది. ఇవాళ్టి నేల రుసుం దాని కొనసాగింపే.

నేను అప్పటి నుంచీ ఒకటే చూస్తాను: ఈ మార్పు ఇకముందు వచ్చేవాటికా, నా చేతిలో ఇప్పటికే ఉన్నవాటికా? దాన్నిబట్టి ఎంత గొడవవుతుందో ముందే చెప్పొచ్చు. 2021 ఆగస్టులో గచా మిషన్లు ఆపేశారు. డబ్బు వేసి మీట నొక్కితే లోపల ఏది తగిలితే అది వచ్చే లాటరీ పెట్టెలు, కొన్ని కొట్లకి సగం బేరం వాటి మీదే. నేను పెద్ద తుఫానే వస్తుందనుకున్నాను. కానీ ఇప్పటికే గెలుచుకున్న వస్తువులని తిరిగి అమ్ముకోవచ్చన్నారు, మిషన్లు తీసేయడానికి నెలాఖరు దాకా టైమిచ్చారు. బాధపడ్డారు, తిట్టారు, నెల తిరిగేసరికి సర్దుకున్నారు. 2010 చివర్లో విద్యాసంస్థలకి ఇచ్చే రాయితీ ఎత్తేస్తున్నామన్నప్పుడు అలా సర్దుకోలేదు. ఏళ్ళ తరబడి కట్టుకున్న క్యాంపస్‌ల ఖర్చు పెరగబోతుంటే కొన్ని ఓపెన్‌సిమ్‌కి, అంటే సొంత సర్వర్ మీద నడుపుకోగల అలాంటి లోకానికే, వెళ్ళిపోయాయి. 2013లో రాయితీ మళ్ళీ ఇచ్చినా వెళ్ళినవాళ్ళందరూ తిరిగి రాలేదు.

అదే 2013 ఆగస్టులో సర్వీసు నియమాలు మార్చి, మనం ఎక్కించిన దేన్నయినా ఏ అవసరానికైనా వాడుకునే హక్కు కంపెనీకి ఉంటుందన్నట్టు రాశారు. బట్టలు, ఇళ్ళు చేసేవాళ్ళంతా భగ్గుమన్నారు. మరుసటి ఏడాది ఆ వాక్యాన్ని కాస్త బిగించారు. నేనూ ఊగిపోయాను, నా చీరలు నావి కదా అని. ఊగిపోతుంటే మావారు ఒక్క మాటన్నారు: "ఆ చీర నేసింది నువ్వా?" పోచంపల్లికి అప్పటికే జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకన్న చట్టబద్ధమైన ముద్ర) కూడా ఉంది. ఎవరో మగ్గం మీద కూర్చుని నేసిన డిజైన్‌ని ఫొటో తీసి ఆరేళ్ళుగా అమ్ముతున్నది నేనే. ఆ తర్వాత ఆ గొడవలో నేను పెద్దగా నోరెత్తలేదు.

అన్ని గొడవలూ న్యాయమైనవి కూడా కావు. 2010లో వ్యూయర్ 2 (వ్యూయర్ అంటే ఆ లోకంలోకి వెళ్ళే సాఫ్ట్‌వేర్) వచ్చినప్పుడు పక్కన సైడ్‌బార్ పెట్టి బొత్తాలన్నీ జరిపేశారని జనం నెత్తీ నోరూ కొట్టుకుని వేరేవాళ్ళు తయారుచేసే వ్యూయర్లకి మారిపోయారు. నేనూ మారాను, ఇప్పుడు వాడే ఫైర్‌స్టార్మ్ కూడా వేరేవాళ్ళదే. కానీ నిజం చెప్పాలంటే సగం కోపం చేతి అలవాటుది. మా అత్తయ్యగారి వంటింట్లో పోపులపెట్టె జరిపితే ఎలా ఉంటుందో అలా.

నన్ను నిజంగా ముంచింది రూలు కాదు, మెష్. 2011లో బయటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఆకారాల్ని తెచ్చుకునే వీలు ఇచ్చారు. ఎవరూ దేన్నీ నిషేధించలేదు, అడిగినవాళ్ళే సంతోషంగా చప్పట్లు కొట్టారు. మూడు నాలుగేళ్ళలో అందరూ మెష్ ఒళ్ళు కొనుక్కున్నారు. పాత పూత జాకెట్టు ఆ ఒంటికి అంటదు. నాకు బ్లెండర్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్ రాదు, నేర్చుకోవడానికి అప్పటికి ఇంట్లో ఇద్దరు పిల్లలు. 2015లో కొట్టు మూశాను. దీని మీద ఎవరితో గొడవపడతాం చెప్పండి?

ఇక్కడే ఒక చిత్రం జరిగింది. 2019 ఆగస్టులో బేక్స్ ఆన్ మెష్ అని ఒక ఫీచర్ పెట్టారు: పాత పూత బట్టల్ని మెష్ ఒంటి మీద కూడా వేసుకోవచ్చు. అప్పటికి హైదరాబాద్ వచ్చేశాం. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక లాగిన్ అయి, పన్నెండేళ్ళ కిందటి పోచంపల్లి జాకెట్టు మీద వేర్ కొట్టాను. అంటింది. భుజం దగ్గర గళ్ళు కొంచెం సాగాయి అంతే. పైట మాత్రం పొట్టలోంచే దూరుతోంది.

ఇక స్థలం. రీజియన్ కొనడం గురించి ఆలోచించకండి, 2018లో 295ని 249 డాలర్లకి తగ్గించినా అది మన బడ్జెట్ కాదు. ప్రీమియం, అంటే డబ్బు కట్టే సభ్యత్వం, తీసుకుంటే ఒక లిండెన్ హోమ్ (కంపెనీయే కట్టి ఇచ్చే ఇల్లు) గానీ, అదనపు నేల రుసుం లేకుండా 1,024 చదరపు మీటర్ల స్థలం గానీ వస్తుంది. 2019లో ప్రీమియంని ఏడాదికి 72 నుంచి 99 డాలర్లు చేశారు, అది చూసుకోండి. ప్రైవేటు అద్దెకైతే యజమాని ఎన్నాళ్ళ నుంచి ఇస్తున్నారో ఇరుగుపొరుగుని అడగండి. ఎంత డిస్కౌంట్ ఇస్తానన్నా మూడు నెలలది ఒకేసారి కట్టకండి. కాపీకి వీల్లేని సామాను నేల మీద పెట్టి నెలల తరబడి లాగిన్ కాకుండా ఉండకండి.

మార్పులు ముందే తెలియాలంటే లిండెన్ ఉద్యోగులు పెట్టే యూజర్ గ్రూప్ మీటింగులకి వెళ్ళండి. సర్వర్ వాళ్ళది మంగళవారం కాలిఫోర్నియా టైము మధ్యాహ్నం పన్నెండుకి, మనకి అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర, చలికాలంలో ఒంటిగంటన్నర. నేను రెండు మూడుసార్లు వెళ్ళాను. సగం అర్థం కాదు, డ్రాగన్లూ రోబోలూ కూర్చుని స్క్రిప్టుల గురించి వాదించుకుంటుంటాయి. కానీ ఆరు నెలల్లో ఏది విరగబోతోందో అక్కడ ముందే వినపడుతుంది.

ఇల్లు తీసుకున్నాక ఇక్కడే మెసేజ్ పెట్టండి. లాస్ట్ అండ్ ఫౌండ్ మూట విప్పి తులసికోట ఒక్కటి విడిగా తీసి పెట్టుకున్నాను, ఏడు ప్రిమ్‌లే. కాపీ పర్మిషన్ ఇచ్చి పంపుతాను.