ముందు అమ్మగారిని అడగండి

ప్రశ్న: నేను సంఘ కాపరిని. కోపం ఎక్కువ. శనివారం రాత్రి ప్రసంగం సిద్ధం చేసుకుంటుంటే పిల్లాడు తలుపు తీశాడని కేకలేసి, చేతిలోని కాగితాలు విసిరికొట్టాను. మర్నాడు దీర్ఘశాంతం, అంటే ఓర్పు గురించి బోధించాను. నా భార్య సర్దుకుపోయే మనిషి. కానీ మనస్సాక్షి పొడుస్తోంది. నా బలహీనతను ఆరాధనలో ఒప్పుకుంటే విశ్వాసుల్లో గౌరవం పోతుందా?

జవాబు: పోదు అయ్యగారూ, పెరుగుతుంది. "మా అయ్యగారు ఎంత తగ్గించుకున్నారో" అని కళ్లు తుడుచుకుంటారు, ప్రార్థన చేస్తారు, ఇళ్లకెళ్తారు. కాబట్టి ఆ ప్రశ్న అలా పక్కన పెట్టండి.

"సర్దుకుపోయే మనిషి" అట! ఆ కాగితాలు ఏరిందెవరో మీరు రాయలేదు. ఆవిడే అయ్యుంటారు. తెల్లారి అందరి మధ్యా కూర్చుని దీర్ఘశాంతం గురించి విన్నదీ ఆవిడే. ఆ సేపంతా ఆవిడ మనసులో ఏముందో ఎప్పుడైనా అడిగారా? సంఘంలో ఏ ఇల్లాలికైనా కష్టమొస్తే పాస్టరమ్మ దగ్గరికెళ్లి ఏడుస్తుంది. పాస్టరమ్మ ఎవరి దగ్గరికి వెళ్లాలి?

తన ఇంటిని ఏలలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని బైబిల్లో, తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో అపొస్తలుడు పౌలు అడిగాడు. భార్యాపిల్లల్ని అదుపులో పెట్టడానికి ఆ మాట బాగా వాడతారు మన కాపరులు. దానికి రెండు వచనాల ముందే, అధ్యక్షుడు, అంటే సంఘాన్ని నడిపేవాడు, సాత్వికుడై ఉండాలి, జగడమాడకూడదు అని ఉంది. అది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఆవిడ దగ్గర తప్పు ఒప్పుకోండి. పరిచర్య టెన్షన్ అంటూ సాకులు వద్దు. పిల్లాడికీ సారీ చెప్పండి, తండ్రి చెబితే పరువేమీ పోదు. తర్వాత సంఘపెద్దల్లో మీకు భయపడని ఒకరికి విషయం చెప్పి, "ఇంట్లో నేనెలా ఉంటున్నానో అప్పుడప్పుడు అమ్మగారినే అడుగుతూ ఉండండి" అనండి. అంతియొకయ పట్టణంలో యేసు ముఖ్య శిష్యుడు పేతురంతటి వాణ్ణి పౌలు అందరి ముందూ నిలదీశాడు. మిమ్మల్ని అలా నిలదీయగలవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? నాకైతే అనుమానమే.

ఇక పుల్పిట్ మీద చెప్పడం ఆవిడ సరేనంటేనే. బయటపడేది ఆవిడ సంసారం కూడా. వద్దంటే వద్దు, నచ్చజెప్పబోకండి.

ఇంకొకటి. విసిరింది కాగితాలే అని రాశారు. ఎప్పుడైనా చెయ్యి కూడా లేచిందా? లేచి ఉంటే దాన్ని బలహీనత అనకండి. ఈ ఆదివారం ప్రసంగం ఇంకెవరికైనా అప్పగించి, ఈలోపే పెద్దలకు అంతా చెప్పండి. ఆవిడా పిల్లాడూ కొన్నాళ్లు పుట్టింటికి వెళ్తామంటే అడ్డుపడకండి.